అడ్మిరల్ దావీదు తలగడ

గుడ్ ఫ్రైడే, మధ్యాహ్నం పన్నెండున్నర. హనుమకొండ చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన నడుస్తోంది. ఊరి చివర సమాధుల తోటలో మిగిలింది కాపలాదారు యాకయ్య ఒక్కడే. ఈస్టర్‌కని సమాధులకు సున్నం వేస్తున్నాడు.

టైల్స్ పనివాళ్ల వేషంలో, ముఖాలకు డస్ట్ మాస్కులతో ముగ్గురు గేటు తోసుకుని వచ్చారు.

“ఎవలు పంపిండ్రు మిమ్ముల? ఇయ్యాల పని బంద్,” అన్నాడు యాకయ్య.

ముందున్నవాడి పేరు విక్టర్. విదేశీ ముఠా నాయకుడు. జవాబుగా సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీశాడు. రెండు గుళ్లు. యాకయ్య సున్నం డబ్బా మీద కూలిపోయాడు. డెబ్బై ఏళ్ల మనిషికి ఒక్క గుండు చాలు. విక్టర్‌కు ఆ పొదుపు కూడా తెలియదు.

ముప్పావు గంట తర్వాత, చర్చి వెనుక బెంచీలో ఏజెంట్ భానుచందర్ చెవిలోని హియరింగ్ ఎయిడ్ గరగరమంది. నిజానికి అది ట్రాన్స్‌మిటర్.

“దీపస్తంభం,” ఢిల్లీ నుంచి చీఫ్ గొంతు.

“ఒడ్డు కనిపిస్తోంది,” పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని కోడ్ చెప్పాడు భానుచందర్.

“సమాధుల తోట గేటు కెమెరా ముప్పావు గంట క్రితమే ఆగిపోయిందట, ఇప్పుడే తెలిసింది. వాళ్లు వచ్చేశారు. బ్రీఫింగ్ గుర్తుందిగా?”

గుర్తులేకేం! రియర్ అడ్మిరల్ దావీదు హసన్‌పర్తి కూలీ కొడుకు. బోరు మోటార్లు విప్పి బిగిస్తూ పెరిగి, నేవీలో ఇంజినీరింగ్ ఆఫీసరయ్యాడు. మన జలాంతర్గామి చప్పుడు శత్రువు చెవిన పడకుండా చేసిన మొదటి మనిషి ఆయనే. ఆ కొలతలన్నీ ఒక నీలం నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆయన పోయి పదకొండేళ్లు. పోయిన నెల జ్ఞాపకార్థ కూడికలో భార్య కృపమ్మ లేచి సాక్ష్యం చెప్పింది: “ఆ నీలం బుక్కు తలగడ కింద లేంది ఆయన పండేటోడు గాదు. పెట్టెల గూడ తల కిందనే పెట్టి సాగనంపిన.”

కూడిక యూట్యూబ్‌లో లైవ్. నేవీ కంటే ముందు శత్రువు చూశాడు. సమాధి తెరవడానికి మనవాళ్లకు అనుమతి కాగితం సోమవారం వస్తుంది. విక్టర్‌కు కాగితం అక్కర్లేదు. ఆ నోట్‌బుక్ అతని చేతికి చిక్కితే, సముద్రం అడుగున ఉన్న మన నావికులు ఎక్కడ దాక్కున్నా దొరికిపోతారు.

భానుచందర్ ముందు బెంచీ వైపు చూశాడు. కృపమ్మ లేదు. ఆమెకు రక్షణగా పెట్టిన తన పార్ట్‌నర్ స్వప్న కూడా లేదు. తెల్ల పట్టుచీరలో వచ్చి సగం మంది మగవాళ్ల ప్రార్థన చెడగొట్టిన స్వప్న! గేటు కెమెరా పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. తను చెప్పలేదు. పాటల పుస్తకంతోనే బయటికి పరిగెత్తాడు.

బైక్ మీద ఆరు నిమిషాలు. వెనుక గోడ దూకగానే కాపలా ఉన్నవాడు కత్తి దూశాడు. పాటల పుస్తకం అట్టలోంచి ఉక్కు తీగ లాగి భానుచందర్ వాడి మెడకు బిగించాడు. వాడు కాళ్లతో మట్టిని తన్నీ తన్నీ ఆగిపోయాడు.

“చాలు, భానూ. గన్ కింద పడెయ్.”

స్వప్న కృపమ్మ గొంతు మీద కత్తి ఆనించి నిలబడింది. అప్పటికే సన్నటి నెత్తుటి గీత. “నువ్వొస్తావని తెలుసు. అందుకే ఈవిడను తెచ్చాను.”

భానుచందర్ గన్ వదిలేశాడు. విక్టర్, అతని అనుచరుడు సిలువ పక్కన నడుము లోతు గొయ్యి తీసేశారు. కృపమ్మ ఏడవడం లేదు. ఆ గొయ్యినే చూస్తోంది.

“తవ్వనీ బిడ్డా,” అంది నెమ్మదిగా. “సిలువ కాడనే గద తవ్వుతాండ్రు. తవ్వనీ.”

గడ్డపారతో పెట్టె పలక పగలగొట్టి, విక్టర్ భుజం దాకా చెయ్యి దూర్చాడు. బయటికి లాగాడు. చేతిలో నేవీ బూటు. అందులో ఎముక.

“తల ఎక్కడ?” అని ఇంగ్లిష్‌లో అరిచాడు.

స్వప్న ఒక్క క్షణం గొయ్యి వైపు చూసింది. కృపమ్మ తనకున్న పళ్లన్నిటితో ఆమె మణికట్టు కొరికింది. కత్తి జారింది. భానుచందర్ దొర్లి గన్ అందుకున్నాడు. మొదటి గుండు అనుచరుడి నుదుట్లో. విక్టర్ పిస్టల్ ఎత్తేలోగా భానుచందర్ గట్టు మీది గడ్డపార లాగి అతని ఛాతీలో దింపాడు. స్వప్న కత్తి అందుకుని కృపమ్మ మీదికి దూకింది. ఆఖరి గుండు ఆమెను గాల్లోనే ఆపింది.

“అమ్మా, తల అటువైపా?” రొప్పుతూ అడిగాడు భానుచందర్.

“పునరుత్థానం నాడు లేవంగనే సిలువ ఎదురుంగ కనవడాలె అనేటోడు ఆయన. అందుకే అందరి లెక్క తల కాడ గాక, సిలువను కాళ్ల కాడ పెట్టిచ్చిన. గీ ముచ్చట సాక్ష్యంల చెప్పలే.”

ఆమె సరేనన్నాక అతనే రెండో వైపు తవ్వాడు. తల కింద నోట్‌బుక్ ఉన్నచోట పిడికెడు మట్టి, ఒక తుప్పు పట్టిన క్లిప్పు.

కృపమ్మ యాకయ్య పక్కన కూలబడి, అతని ముఖం మీది సున్నం కొంగుతో తుడిచింది. “ఈ మన్ను కోసమా నిన్ను సంపిండ్రు, యాకన్నా?” అప్పుడు ఏడ్చింది. భానుచందర్ కళ్లు కూడా తడిశాయి.

చెవిలో చీఫ్ గొంతు మళ్లీ పలికింది. “నోట్‌బుక్ శత్రువుకు చిక్కలేదుగా?”

“లేదు సార్. చెదలు తినేశాయి. అట్టతో సహా.”

“రిపోర్టులో ఏం రాస్తావ్?”

“రహస్య పత్రాలు నిబంధనల ప్రకారం ధ్వంసం చేయబడ్డాయి, సార్.”