మూత పెట్టని గంజు

రాయమల్లు కూర్చున్న చోటే ముందుకు ఒరిగి చనిపోయి ఉన్నాడు.

ఎదుట అన్నం తలె. కుడిచేతి గుప్పిట్లో ముద్ద. వెనుక ఉండవలసిన మట్టిగోడ అతని తలమీద, వీపుమీద ఉంది. పక్కనే పొయ్యి. దానిమీద అన్నం వండిన గంజు. ఇంటినిండా ఎర్రటి దుమ్ము.

ఎస్.ఐ. ఎవాంజెలిన్ నర్రగుంటకు చేరేసరికి సాయంత్రం అయిదు దాటింది. మధ్యాహ్నమంతా సెంటినరీ కాలనీలో ఎమ్మెల్యే సభ బందోబస్తు. యూనిఫాం ఇంకా చెమటతో తడిసే ఉంది.

ఊరికి ఒకవైపు ఓపెన్‌కాస్టు బొగ్గుగని గొయ్యి. మరోవైపు ఆ గొయ్యిలోంచి తవ్వి పోసిన మట్టిగుట్ట. ఈ రెండింటి నడుమ నర్రగుంట. భూసేకరణ నోటిఫికేషన్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి ఇల్లు బాగుచేసుకోవడానికి అనుమతి లేదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. వెళ్ళిపోదామంటే పరిహారం రాలేదు. గొయ్యిలో రోజూ జరిగే పేలుళ్ళకు గోడల్లో బీటలు మాత్రం ఏటేటా వెడల్పవుతున్నాయి.

ఇల్లు సదయ్యది. చనిపోయిన రాయమల్లు అతనికి బావ. సదయ్య భార్య మమతకు తోడబుట్టిన అన్న. ఎమ్మెల్యే వీరేందర్‌కు ఈ ఊళ్ళో కుడిభుజం.

ఆ రోజు సభ పేరు ప్రగతి నివేదన. రెండు దఫాల్లో తాను ఏమేమి చేశాడో ఎమ్మెల్యే ప్రజలకు చెప్పుకునే సభ. నర్రగుంటను బస్సులెక్కించే పని రాయమల్లుది. అందరూ ఎక్కారు. సదయ్య ఎక్కలేదు. బస్సు దగ్గర ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఊరంతా విన్నది.

బస్సులు తిరిగివచ్చేసరికి సదయ్య మట్టిపెళ్ళ పట్టుకుని, చేతులనిండా నెత్తురుతో, శవం పక్కన నిల్చుని ఉన్నాడు.

"ఏం జరిగింది?" ఎవాంజెలిన్ గట్టిగా అడిగింది. బొగ్గుబాయి పనిలో సదయ్య చెవులు దెబ్బతిన్నాయి.

"పెళ్లలు తీస్తున్న మేడం. ఊపిరి ఉన్నదేమోనని."

"గోడ పడ్డప్పుడు ఏడ ఉన్నవు?"

"చేన్ల. కాళ్ల కింద భూమి అదిరింది. ఇంటికొచ్చి చూస్తె గిట్లున్నది."

"పేలుడు ముందు సైరన్ మోగిందా?"

"పక్కపొంటి మనిషి పిలిస్తెనే ఇనపడది. సైరన్ సంగతి నన్నడుగుతవేంది?"

"పొద్దున మీ బావను ఏమన్నవు?"

సదయ్య దాచలేదు.

"మా గోడలు మీద పడేదాక నువ్వు చప్పట్లు కొట్టియ్యి అన్న."

హెడ్ కానిస్టేబుల్ బుచ్చన్న నిట్టూర్చాడు. "కాకా, ఇంకెవలన్న ఎందుకు? నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకుంటున్నవు."

పడకుండా నిలిచిన గోడమీద మేకుకు ఒక అల్యూమినియం మూత వేలాడుతోంది. ఎవాంజెలిన్ దాన్ని చూసింది. ఫోటోలో కూడా పడింది. అప్పటికి దాని అర్థం ఆమెకు తట్టలేదు.

* * *

మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీకి బ్లాస్టింగ్ ఇన్‌చార్జి సత్తిబాబు. రాజమండ్రి వైపునుంచి వచ్చినవాడు. ఆ రాత్రి స్టేషన్‌కు వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు.

"రోజూలాగే రెండున్నరకి పేల్చామండి. ముందు సైరన్ జీపు ఎర్రజెండాతో ఊరంతా తిరిగింది. సైరన్ వింటే ఎవరూ ఇంట్లో ఉండరండి. అది వాళ్ళకి పుట్టినకాడినుంచీ అలవాటు."

సి.ఐ. ఆ మాటనే పట్టుకున్నాడు. రాయమల్లు ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. సైరన్ వింటే బయటికి రావాలి. రాలేదంటే, అప్పటికే ఎవరో కొట్టి పడేసి ఉండాలి. గోడ తరువాత పడింది, లేదా పడగొట్టారు. ఊళ్ళో ఉన్నది ఒక్క సదయ్య.

"లెక్క సరిపోయింది. రేపు సాయంత్రంలోగ మెజిస్ట్రేటు ముందర పెట్టు. హత్యకేసు," అన్నాడు.

తెల్లవారగానే ఎమ్మెల్యే ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, మీ అవ్వ ఎట్లున్నది? డయాలసిస్ మంచిగనే నడుస్తున్నదా?"

"నడుస్తున్నది సార్."

"దవాఖాన దగ్గర ఉండాలెనంటివి కదా, అందుకే ఈడ పోస్టింగ్ ఇప్పిచ్చిన. రాయమల్లు నాకు తమ్ముని లెక్క. సాయంత్రం పరామర్శకు వస్తున్న. అప్పటికి ముద్దాయి జైలుకు పోయిండని నేను వాళ్లకు చెప్పాలె."

ఆ గొంతులో కోపం లేదు. ఆమె తల్లి రాహేలు వారానికి మూడుసార్లు గోదావరిఖనిలో మెషీన్ మీద పడుకుంటుంది. ఆదిలాబాద్ అడవుల్లోకి బదిలీ అయితే ఆమెను తీసుకువెళ్ళేవాళ్ళు లేరు. ఎమ్మెల్యేకు అది తెలుసు. తనకు తెలుసునని ఆమెకు తెలియజేశాడు. అంతే.

మధ్యాహ్నానికి రిమాండు కాగితాలు సిద్ధమై టేబుల్ మీద ఉన్నాయి. సంతకం చేయడమే మిగిలింది.

ఎవాంజెలిన్ కలం తీసింది. మళ్ళీ పెట్టింది. మమత వాంగ్మూలం ఇంకా తీసుకోలేదు. దానికోసం నర్రగుంటకు బయలుదేరింది.

* * *

మమత పొరుగింట్లో కూర్చుని ఉంది. ఒకపక్క శవం రావాలి. మరోపక్క భర్త లాకప్‌లో ఉన్నాడు. ఎవరికోసం ఏడవాలో తేల్చుకోలేని మనిషిలా ఉంది.

"మీ అన్న నిన్న మీ ఇంటికి ఎందుకొచ్చిండు?"

"ఈయన్ను బతిలాడి సభకు తీస్కపోదామని వచ్చి ఉంటడు. పొద్దటిసంది తిననే లేదాయె. నా చేతి బువ్వంటె ఇష్టం. ఇంట్ల ఎవలు లేకున్న పెట్టుకొని తింటడు."

"ఆయనకు, నీ పెనిమిటికి పగ ఉన్నదా?"

"ఇద్దరు ఒక్కదినం తిట్టుకోకుంటె వాళ్లకు అన్నం అరగది. పగ అంటవేంది మేడం? నా పెండ్లి చేసిందే మా అన్న."

పొరుగింటావిడ టీ ఇచ్చింది. మమత గ్లాసు అందుకుంది. అప్పుడు దూరంగా సైరన్ మొదలైంది.

మాట సగంలో ఆగింది. మమత కుడి అరచేయి టీ గ్లాసుమీద మూతలా బోర్లింది. పొరుగింటావిడ అన్నం గంజుకు మూత పెట్టింది, నీళ్ళబిందెమీద తట్ట వేసింది. ఎదురింటి ముసలాయన తలెను కండువాతో కప్పి, చేత్తో పట్టుకుని వీధిలోకి నడిచాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ తొందరపడలేదు. ఊరంతా వీధి మధ్యలో నిలబడింది.

ఎర్రజెండా కట్టిన జీపు ఊరు చుట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి భూమి అదిరింది. ఇళ్ళ కప్పులనుంచి దుమ్ము రాలింది. మమత అరచేయి తీసి టీ తాగింది. వేళ్ళమీద ఎర్రటి పొడి.

"మూత పెట్టుడు మరిచిపోతరా ఎప్పుడన్న?" ఎవాంజెలిన్ అడిగింది.

"మరిచిపోతె ఆ పూట పస్తు. బువ్వల మన్ను పడితె ఎవలు తింటరు? మూడేండ్ల పోరగాండ్లకు కూడ ఎరుకే."

ఎవాంజెలిన్ ఫోన్ తీసి నిన్నటి ఫోటో చూసింది.

గంజు తెరిచి ఉంది. మూత మేకుకు వేలాడుతోంది. తలెలో అన్నంమీద అంగుళం మందాన మన్ను.

ఆసుపత్రికి ఫోన్ చేసింది. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఆమని.

"డాక్టర్, చావుకు ముందు కొట్టినట్టు దెబ్బ ఏదైనా ఉందా?"

"లేదు. అన్నీ గోడ దెబ్బలే. నోట్లో నమలని అన్నం ఉంది. శ్వాసనాళంలోకి సన్నటి మట్టి వెళ్ళింది. గోడ పడినప్పుడు అతను తింటున్నాడు. ఊపిరి తీస్తున్నాడు."

ఎవాంజెలిన్ వీధి చివరికి చూసింది. జీపు మట్టిగుట్ట పక్కనుంచి తిరిగిపోతోంది. ముందుభాగాన సైరన్ గొట్టం, ఎర్రజెండా. ఆ జీపును ఇంతకుముందు ఎక్కడో దగ్గరగా చూసింది.

ఎక్కడ?

నిన్న. సెంటినరీ కాలనీ మైదానంలో. వేదిక వెనుక దాని నీడలోనే నిలబడి ఆమె నీళ్ళు తాగింది.

* * *

నాలుగు గంటలకు ఎమ్మెల్యే వీరేందర్ వచ్చాడు. ఆసుపత్రినుంచి వచ్చిన శవానికి దండ వేశాడు. మమత తలమీద చెయ్యి పెట్టాడు. తరువాత ఎవాంజెలిన్ ఆయన్ను కూలిన ఇంటిలోకి పిలిచింది. సత్తిబాబును అప్పటికే రప్పించింది. మమత గడపలో నిలబడింది. బుచ్చన్న సంకెళ్ళు లేకుండా సదయ్యను తీసుకువచ్చాడు.

"వీన్ని ఈడికెందుకు తెచ్చినవ్?" ఎమ్మెల్యే అడిగాడు.

"ఒక్క పదినిమిషాలు సార్." ఆమె సత్తిబాబు వైపు తిరిగింది. "నిన్న సైరన్ జీపు ఊరంతా తిరిగిందన్నావు?"

"తిరిగిందండి."

"రెండున్నరకు?"

"అవునండి."

ఆమె ఫోన్ చూపింది. ఎమ్మెల్యే సభ ప్రత్యక్షప్రసారం వీడియో. వేదికమీద వీరేందర్ మాట్లాడుతున్నాడు: నియోజకవర్గంలో హైమాస్ట్ దీపాలు, స్వాగత తోరణాలు, ఓపెన్ జిమ్‌లు, నాలుగు లైన్ల రోడ్డు, ఆపైన, నర్రగుంట పునరావాసం తొంభై శాతం పూర్తి. ఆయన భుజం వెనుక ఎర్రజెండా, సైరన్ గొట్టం.

"ఇది రెండు గంటల ఇరవై నిమిషాలకు. ఇది రెండూ నలభైకి. జీపు కదలలేదు. ఇక్కడికి అరగంట దారి. మరి ఊళ్ళో తిరిగింది ఏ జీపు?"

సత్తిబాబు నుదురు తుడుచుకున్నాడు.

"సైరన్ మోగలేదు. అందుకే గంజుకు మూత లేదు. రాయమల్లు ఈ ఊరివాడు. సైరన్ వింటే తలె కప్పకుండా, ముద్ద చేతిలో పట్టుకుని గోడ కింద కూర్చోడు. నమ్మకంగా తింటూనే ఉన్నాడు. సైరన్ మోగకుండా పేలదని ఈ ఊరంతటికీ ఉన్న నమ్మకం అది. ఆ నమ్మకమే అతన్ని కూర్చోబెట్టింది. సైరన్ మోగిందని నువ్వన్న మాటమీద ఒక మనిషిని హంతకుణ్ణి చేశాం. ఎందుకు మోగించలేదు?"

"ఊళ్ళో ఎవరూ లేరనుకున్నామండి."

"ఎవరు చెప్పారు?"

సత్తిబాబు శవం ఉన్న వైపు చూశాడు.

"ఆయనే చెప్పాడండి. రాయమల్లుగారే. ఒంటిగంటకి ఫోన్ చేసి, ఊరు మొత్తం ఖాళీ, ఒక్క పిట్ట కూడా లేదు, ఎమ్మెల్యేగారికి చెప్పు, జనం ఎలా వచ్చారో చూసుకోమను అన్నాడు. బళ్ళు తక్కువయ్యాయని సభనుంచి ఫోనొస్తే సైరన్ జీపు కూడా సభకి పంపేశాం. ఖాళీ ఊరికి సైరన్ ఎందుకులే అనుకున్నానండి. మళ్ళీ బావకోసం తిరిగొస్తాడని నాకేం తెలుసు?"

మమత గడపమీద కూలబడింది.

సదయ్య అందరి పెదవుల వంక చూస్తున్నాడు. "ఏమంటుండు?" అని అడిగాడు. బుచ్చన్న అతని చెవిదగ్గర వంగి చెప్పాడు. సదయ్య మన్ను పడ్డ తలె వైపు తిరిగాడు.

"నాకోసమే వచ్చిండా?" అన్నాడు.

వీరేందర్ గొంతు సర్దుకున్నాడు.

"బండ్లు పంపుమన్న. ఏ బండి పంపాల్నో నేను చెప్పిన్నా?" తరువాత స్వరం తగ్గించాడు. "చూడమ్మా. సదయ్యది తప్పు లేదు, ఒప్పుకుంటున్న. వదిలెయ్. పాత గోడ, పడ్డది. ప్రమాదమని రాయి. పోయినోడు ఫోన్ల ఏమన్నడో, జీపు ఏడున్నదో, అవన్ని ఎందుకు? పోయినోని పేరు ఖరాబయితది."

బయటపడే తలుపొకటి ఆమెకు తెరుచుకుంది. సదయ్య ఇంటికి వెళ్ళవచ్చు. ఆమె పోస్టింగు పోదు. రాహేలు మెషీన్ ఆగదు. బదులుగా వదిలెయ్యవలసిందల్లా రెండు వాక్యాలు: ఫోను, జీపు.

ఎవాంజెలిన్ ఆ తలుపు వంక చూసింది. నిజంగా చూసింది.

మమత లేచి నిలబడింది.

"పాత గోడ అని రాస్తె, గోడ పాతదని తెలిసి అండ్ల ఉన్నందుకు తప్పు మాదే అయితది కదా మేడం? మమ్ముల కొత్తగోడ కట్టుకోనియ్యంది ఎవలు? అది కూడ రాస్తవా?"

ఎమ్మెల్యే కండువా సర్దుకున్నాడు. నోటిఫికేషన్ వచ్చిన ఈ తొమ్మిదేళ్ళలో ఎనిమిదేళ్ళు పదవిలో ఉన్నది ఆయనే.

ఎవాంజెలిన్ బుచ్చన్న వైపు తిరిగింది.

"నిర్లక్ష్యం వల్ల మరణం. మొదటి ముద్దాయి సత్తిబాబు. కంపెనీ మేనేజరును పిలువు. జీపు సీజ్ చెయ్. సభకు బండ్లు అడిగిన ఫోన్లు ఎవరివో అవి కూడ రికార్డుల పెట్టు."

"మేడం…" బుచ్చన్న ఎమ్మెల్యే వంక చూశాడు.

"రాసుకో అన్న."

వీరేందర్ బయటికి నడిచాడు. కారు ఎక్కేముందు వెనక్కి తిరిగి, మామూలు గొంతుతోనే అన్నాడు. "మీ అవ్వను అడిగిన్నని చెప్పు."

బదిలీ ఉత్తర్వు వారంలోపు వస్తుంది. ఆమెకు తెలుసు. రాహేలును ఎవరు తీసుకువెళ్తారన్నది ఆమెకింకా తెలియదు.

* * *

మరునాడు అంత్యక్రియలయ్యాక ఎవాంజెలిన్ ఆ ఇంటికి తాళం వేసింది. నేరస్థలం. గంజు, తలె, మూత సాక్ష్యాలు. లక్క కరిగించి సీలు వేస్తుంటే సదయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. విడిచిపెట్టిన మనిషికి ఉండటానికి ఇల్లు లేకుండా చేస్తున్నది తనే.

"మేమెక్కడుండాలె?"

"చుట్టాలింట్ల ఉండాలె కాకా. సామాన్లు కూడ ముట్టరాదు."

"ఎన్నొద్దులు?"

ఆమె అబద్ధం చెప్పదలచుకోలేదు. చెవిదగ్గరికి వంగింది. "కేసు తేలేదాక. నాలుగేండ్లు కావచ్చు. అయిదు కావచ్చు."

సదయ్య తలుపును చూశాడు. తరువాత ఇంటి వెనుక, గొయ్యి అంచున నిలబడ్డ యంత్రాన్ని చూశాడు. ఈ ఏడాది గని ఈ ఇళ్ళను కూల్చుకుంటూ ఇటువైపే జరగాలి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి.

"అన్నొద్దులు దీన్ని ఎవలన్న కూలగొట్టొచ్చా?"

"కోర్టు చెప్పకుండ ఎవరూ ముట్టరాదు. వాళ్లు కూడ."

అతను మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ గట్టిగా చెప్పింది.

సదయ్య కండువాతో అరుగు దులిపాడు. సీలు వేసిన తలుపుకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"చుట్టాలింటికి ఎందుకు బిడ్డా," అన్నాడు. "అరుగుమీద కూసుంటె కేసు కాదు కదా?"