అక్క మీద పడ్డ నింద

ఆ ఉదయం శ్రావణి జావ గ్లాసును కుడిచేత్తో పట్టుకుంది. వేళ్లు వణికాయి గానీ గ్లాసు జారలేదు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చాక ఇదే మొదటిసారి.

"శెభాష్ బిడ్డా!" అన్నాడు తండ్రి జంపయ్య. ఆ సంతోషం నిలవలేదు. కూతురు కాలీడ్చుకుంటూ నడిచే చప్పుడు విన్నప్పుడల్లా ములకలపల్లిలోని ఆ ఇంట్లో అతనికి ఇంకో గొంతు వినబడుతోంది. "నేను కాదురా తమ్మీ, నేను కాదు!"

అది అతని అక్క కన్నమ్మ గొంతు. పందొమ్మిదేళ్ల కిందట ఆమె వండిన కూర తిన్న మర్నాడే జంపయ్య భార్య సోమక్క కుప్పకూలింది. మూతి వంకరపోయి, మాట పడిపోయి, మూడో రోజుకు ప్రాణం పోయింది. కన్నమ్మే చేతబడి చేసిందన్నారు అందరూ. మొగుడు పోయి తన పంచన ఉంటున్న అక్కను జంపయ్యే బయటికి గెంటాడు.

"నాయినా, నిన్న ఖమ్మంల... డాక్టరమ్మ ఏమన్నది?" ఒక్కో మాటా కూడదీసుకుంటూ అడిగింది శ్రావణి.

"గోలీలు ఆపొద్దన్నది."

"అది కాదు. రిపోర్టు."

జంపయ్య తల దించుకున్నాడు. "రక్తం ఊకె గడ్డకట్టకుండ ఆపే ప్రొటీన్ ఒకటి ఉంటదట. అది నీకు పుట్టుకతోనే తక్కువట. గందుకే గడ్డ పోయి మెదడు నరంల అడ్డం పడ్డది. అది కన్నోళ్ల నుంచే వస్తదట. నా రక్తంల బాగనే ఉన్నది. మీ అమ్మకు గూడ తక్కువ ఉండి ఉంటదన్నది, గందుకే గట్ల పోయి ఉంటదట."

శ్రావణి అతన్నే చూసింది. "మరి... అత్త?"

"ఊరంత అన్నరు బిడ్డా..."

"ఊరు కాదు. నువ్వు. అత్త ఏడుస్తాంటే తలుపేసినవ్. నాకు ఏడేండ్లు. చూసిన."

జంపయ్య లేచాడు. కండువా భుజాన వేసుకుని అక్క ఉంటున్న చండ్రుగొండకు బస్సెక్కాడు.

కిరాయి గది ముందు మిరపకాయల తొడిమలు తీస్తోంది కన్నమ్మ. జుట్టంతా నెరిసిపోయింది. జంపయ్య జరిగిందంతా చెప్పి ఆమె కాళ్ల మీద పడ్డాడు. "తప్పయిందక్కా."

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. ఇంకో మిరపకాయ తొడిమ తీసింది.

"పిల్ల నడుస్తాందా?"

"అవ్. మెల్లెగ నడుస్తాంది."

కన్నమ్మ లేచి గదికి తాళం వేసింది.

సాయంత్రం తమ్ముడి ఇంట్లో అడుగుపెట్టగానే శ్రావణిని గుండెలకు హత్తుకుంది. తర్వాత సోమక్క ఫొటో ముందు చతికిలబడింది.

"మరదలు పోయిన్నాడు నన్ను దగ్గరికి రానియ్యలె జంపయ్యా. ఇప్పుడన్న ఏడ్వనియ్యి."

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. జంపయ్య పక్కనే కూర్చుని తనూ ఏడ్చాడు.