చామాకులో వాటా

జపాన్‌లో పోయినవాళ్ళు ఇంటికొచ్చే బోన్ పండగ, మొదటి సాయంత్రం. సుమియె వసారా చివర కూర్చుని వంకాయ, కీరదోసకాయ చిన్న చిన్న ముక్కలుగా తరిగి, కడిగిన బియ్యంతో కలిపి చామాకులో పోసింది. చచ్చిపోయాక తలుచుకునేవాళ్ళు లేనివాళ్ళ వాటా అది. ఇంట్లో పోయినవాళ్ళకి లోపల మందిరం ముందు, చెక్క పళ్ళేల్లో చల్లటి సోమెన్ సేమ్యాలు.

"తొకుజి వాటా కూడా ఆకులోనే వెయ్యి," అన్నాడు పెద్దన్నయ్య గిసాకు, మంట కోసం జనప పుల్లలు విరుస్తూ. "పోయినేడూ అంతే చేశాను."

"పోయినేడు నేను పట్నంలో ఉన్నాను కాబట్టి సాగింది. గనిలో సమ్మె నడిపిన చిన్నన్నయ్య దిక్కులేనివాడా? కంపెనీవాళ్ళు చూస్తారని భయమా నీకు?"

"ఉపన్యాసం తర్వాత. చెప్పింది చెయ్యి."

పోరాడినవాడికి చావు లేదు అనేవాడు తొకుజి. ఆమెకు చదువూ కోపమూ రెండూ నేర్పింది వాడే. గిసాకు పితరుల కోసం వాకిట్లో మంట వెయ్యడానికి వెళ్ళగానే, పళ్ళెం నిండా సేమ్యాలు వడ్డించి తొకుజి ఫోటో ముందు పెట్టింది. వాడికిష్టమని అల్లం కూడా తురిమింది.

పొగ సన్నగా లోపలికొచ్చింది. దాని వెనకే ఇంకో వాసన... తడిసిన బొగ్గు.

వసారాలో చప్పుడు. తప్... తప్... నీళ్ళోడుతున్న పాదాలు. ఒకరివి కావు. ఆకు దగ్గర ఆగాయి.

"ఇక్కడ లేడు," కాగితపు తలుపు అవతల గుసగుస.

"లోపల దాచారు."

గిసాకు పరిగెత్తుకొచ్చాడు. పళ్ళెం చూసి మొహం పాలిపోయింది.

"ఏం చేశావే..."

"ఎవరు వాళ్ళు?"

"నీళ్ళూరే గని సొరంగంలోకి కంపెనీ కావాలని దింపి చంపిన ఐదుగురు. నా అన్నవాళ్ళు లేని కూలీలు. వాళ్ళ పేర్లు కంపెనీకి రాసిచ్చింది తొకుజి. ఆ కాగితం చూశాను. వాడి రాతే. వాడి వాటా బయట వాళ్ళ దగ్గర ఉంటేనే వాళ్ళు గడప దాటరు."

ఆ ఐదుగురి కోసం అందరికంటే గట్టిగా ఏడ్చింది తొకుజి. ఆ ఏడుపు చూసే సుమియె, బతికినంతకాలం పోరాడతానని ఒట్టు పెట్టుకుంది.

తలుపు కాగితం మీద తడి మరకలు. ఒకటి... రెండు... ఐదు.

ఆమె పళ్ళెం ఎత్తింది. వసారా వైపు రెండడుగులు వేసింది.

మూడోది పడలేదు.

పళ్ళెం వచ్చి ఆమె గుండెలకు ఒత్తుకుంది. ఎదురుగా నిలబడి ఎవరో దాన్ని లోపలికి, మందిరం వైపు నెడుతున్నారు. చేతులు కనబడలేదు. తొకుజి ఏడుపు వినబడింది, అప్పటి ఏడుపే. చెక్క అంచు మీద గోటి గీతలు మాత్రం, ఒకదాని పక్కన ఒకటి, పడుతూనే ఉన్నాయి.