కుర్మయ్య దున్నని చోటు

తారాబాయి పరికిణీ ఒడిలో నాలుగు గుడ్లు పెట్టుకుని గట్టు వైపు మెల్లగా నడుస్తోంది. నెత్తి మీద ఒక పిట్ట గిరగిరా తిరుగుతూ గొంతు చించుకుని అరుస్తోంది.

"పోవే, దొంగదానా! నీకియ్య!" అని తార దాన్ని అదిలించింది.

పాపం, తార సుల్తాన్ బజార్ దాటి ఎరగని పిల్ల. ఆ రోజుల్లో బడికి వారం సెలవు శుక్రవారమే కదా అని భారతమ్మ పంతులమ్మ ఆరుగురు పిల్లల్ని రైలెక్కించి శంషాబాద్ చేలు చూపించడానికి తీసుకొచ్చింది.

మొదటి వాన పడి నాలుగు రోజులైంది. దున్నిన చేను నడుమ మంచమంత నేల ఎందుకో దున్నకుండా మిగిలింది. అక్కడే రాళ్ల మధ్య దొరికాయి ఆ గుడ్లు. గూడు లేదు, నీడ లేదు. ఇంట్లో కోడి గుడ్లు పెడితే అమ్మ గంపలో గడ్డి పరుస్తుంది. వీటికి ఎవరూ లేరనుకుంది తార. ఆ పిట్ట వీటిని తినడానికే వచ్చిందనుకుంది.

గట్టు పక్క పొద కింద పచ్చగడ్డి పరిచి గుడ్లు పేర్చింది. పిట్టను ఇంకో రెండుసార్లు తరిమింది. మంచి పని చేశానని మురిసిపోతూ సద్ది తినడానికి వెళ్లింది.

తిండి అయ్యాక రైతు కుర్మయ్య ఎద్దుల్ని తోలుకుంటూ వచ్చాడు. దున్నని చోటు దగ్గర ఆగిపోయాడు.

"గుడ్లేవి? ఎవలు తీసిన్రు?"

"నేనే తాతా!" తార గర్వంగా లేచి నిలబడింది. "ఎండకు మాడుతున్నయని నీడకు పెట్టిన."

"అయ్యో బిడ్డా! గవి తీతువు గుడ్లు. అది నేల మీదనే పెడ్తది. పొదుగుతున్నదని ఆడ నాగలి పెట్టలే. మా బాపు గూడ గట్లనే ఇడిసేటోడు."

తాను తరిమింది తల్లిని! తార ఒక్క పరుగున పొద దగ్గరికి వెళ్లింది.

అక్కడినుంచి ఒక కాకి లేచిపోయింది. గడ్డి మీద మూడు గుడ్లు పగిలి ఉన్నాయి. ఒక్కటే మిగిలింది.

"మట్టిల ఉంటే రాళ్లల్ల కలిసిపోతయి, కనవడయి," అన్నాడు వెనకే వచ్చిన కుర్మయ్య. "పచ్చగడ్డిల కాకికి దూరంకెల్లే కనవడ్తయి."

తిట్టినా బాగుండేదనిపించింది తారకు.

కుర్మయ్య ఆ ఒక్క గుడ్డును తీసుకెళ్లి పాత చోటే పెట్టాడు. అందరూ దూరంగా వెళ్లి కూర్చున్నారు. చాలాసేపటికి పిట్ట దిగింది. గుడ్డు మీద కూర్చుంది. అంతలోనే లేచి చుట్టూ రాళ్ల మధ్య వెతికింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

"ఏం వెతుకుతున్నది పంతులమ్మా?" అడిగింది ఒక చిన్న పిల్ల.

భారతమ్మ ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. తార మోకాళ్లలో తల దాచుకుని ఏడ్చింది.

"తాతా, గా ఒక్కటన్న పిల్లయితదా?" అని వెళ్లేముందు అడిగింది.

"ఏమో బిడ్డా. ఇగ దానిష్టం."

వారమంతా తారకు అన్నం సయించలేదు. మళ్లీ శుక్రవారం అమ్మను బతిమాలి వెంట తీసుకొచ్చింది. చేనంతా జొన్న విత్తారు. నడుమ ఆ మంచమంత నేల అలాగే ఉంది. గట్టు మీదినుంచి చూస్తే రాళ్లు తప్ప ఏమీ తెలియడం లేదు.

"గింత దూరం వచ్చినం. దగ్గరికి పోయి చూద్దాం పా," అంది అమ్మ.

తారకూ చూడాలనే ఉంది. చాలా ఉంది. రెండడుగులు వేసింది. రాళ్ల మధ్య గోధుమరంగుది ఏదో కదిలి, తల ఎత్తింది.

తార ఠక్కున ఆగి, అమ్మ కొంగు పట్టి వెనక్కి లాగింది.

"వద్దమ్మా. మనం పోతే అది లేస్తది."

"మరి గుడ్డు మంచిగున్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

తార కళ్లు తుడుచుకుంది.

"మనకు తెల్వకపోయినా మంచిదే," అంది.

ఇద్దరూ చేలో ఇంకో అడుగు పెట్టకుండా, చుట్టూ దూరపు గట్టు మీదుగా స్టేషన్ దారి పట్టారు.