నీలం పెన్సిల్ దిద్దని పర్మిట్

"మీ బావ అమ్ముడుపోయాడు."

చీఫ్ ఆ మాట అని ఫైలును బల్ల మీదకి విసిరాడు. ఉదయం ఎనిమిది గంటలు. ఫ్రిజ్‌లు రిపేరు చేసే షాపు పైన కిటికీ లేని గది అది. కింద ఎవరో రేకును సుత్తితో బాదుతున్నారు.

ఏజెంట్ ఫైలు ముట్టుకోలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ ఆవగింజ. వేడి తగిలితే చిటపటలాడతాడని పెట్టిన పేరు.  

"ఇంకోసారి అనండి సార్."

"కోపాలు తర్వాత. ముందు బ్రీఫింగ్ విను." చీఫ్ గోడ మీద మ్యాప్ కిందికి లాగాడు. "ఇది ఏరు సముద్రంలో కలిసే చోటు. ఇదిగో, ముఖద్వారంలో పగడాల దిబ్బ. అంతా రక్షిత ప్రాంతం. పర్మిట్ లేనిదే ఎవడూ నీళ్లలో కాలు పెట్టకూడదు. దిబ్బ కిందుగా మన రక్షణ శాఖ కేబుల్ పోతుంది. ఏడో పాయింట్ దగ్గర మాత్రమే అది రెండు గజాల మేర బయటపడి ఉంటుంది. విదేశీ ముఠా ఒకటి దానికి ఓ యంత్రం తగిలించబోతోంది. పేరు జలగ. అంటుకుందంటే మన రహస్యాలన్నీ వాళ్ల చెవిలో."

"ఎప్పుడు?"

"ఈరోజే. మధ్యాహ్నం పన్నెండూ పదికి. పగడాల పరిశోధన పేరుతో పర్మిట్ తీసుకున్నారు. లీడర్‌ని ప్రొఫెసర్ అంటారు. ఒడ్డున పట్టుకుంటే అది రీసెర్చి సామాను అని తప్పించుకుంటాడు. కేబుల్ దగ్గర, జలగ చేతిలో ఉండగా పట్టుకోవాలి."

"ఇందులో మా బావ ఎక్కడున్నాడు?"

"పర్మిట్ కాపీ చూడు. కింద సంతకం ఎవరిది? రిజర్వ్ వార్డెన్. మీ బావ. ఏడో పాయింట్‌లో ఎవరికీ పర్మిషన్ ఇవ్వని మనిషి వీళ్లకి ఇచ్చాడు. మర్నాడే నీళ్లలో పోయాడు. సిలిండర్‌లో విషపు గాలి. పనైపోయాక వాళ్లే వదిలించుకుని ఉంటారు. లేదంటే..." చీఫ్ చెవి గోక్కున్నాడు. "సిలిండర్లలో గాలి నింపేది మీ అక్కేగా."

కుర్చీ వెనక్కి పడింది. ఆవగింజ లేచి నిలబడ్డాడు.

"ఫైల్లో దేశద్రోహి అని రాసేశాం," అన్నాడు చీఫ్ ఏమాత్రం తొణక్కుండా. "స్టేషన్ గోడ మీద ఆయన పేరున్న ఇత్తడి పలక కూడా పీకించాం."

"సాయంత్రంలోగా ఆ మాట కొట్టేస్తారు సార్. మీ చేత్తోనే."

"సాక్ష్యం తీసుకురా, చూద్దాం."

పర్మిట్ కాపీ జేబులో కుక్కుకుని ఆవగింజ మెట్లు దిగాడు. చచ్చినవాడి మీద రాళ్లు వేయడం ఎంత సులువో! తిరిగి విసరడానికి వాడు లేవడు కదా.

పదిన్నరకి రిజర్వ్ స్టేషన్ కంప్రెసర్ గదిలోకి ఒక మెకానిక్ వచ్చాడు. గ్రీజు మరకల ఓవరాల్, చేతిలో స్పానర్ల పెట్టె, గుబురు మీసం. గేటు దగ్గర గార్డు రెండుసార్లు ఎగాదిగా చూసి వదిలాడు. లోపల కంప్రెసర్ ముందు కూర్చున్న ఆవిడ తలైనా ఎత్తలేదు.

"మీసం ఎడమవైపు ఊడుతోందిరా."

"అక్కా!"

"అక్కా లేదు, గిక్కా లేదు. ఆయన పోయి ఎనిమిది రోజులైంది. ఇప్పుడా రావడం?" ఆవిడ కంప్రెసర్ ఆపేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని తడి లేదు. "నేనింకా ఏడవలేదు తెలుసా? ఏడిస్తే కోపం తగ్గిపోతుందని ఏడవలేదు. ఆయన వేసుకున్న సిలిండర్ నేను నింపింది కాదని అరిచి చెప్పాను. ఒక్కడన్నా విన్నాడా? పలక పీకేసి, మేకులు మాత్రం గోడకే వదిలేసి పోయారు."

అతను పర్మిట్ కాపీ ఆవిడ చేతిలో పెట్టాడు. బావ పోయిన రోజునే డిపార్ట్‌మెంట్ వాళ్లు పర్మిట్ పుస్తకం పట్టుకుపోయారు. అక్క దాన్ని చూడటం ఇదే మొదటిసారి. ఒకసారి చదివింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ చదివింది.

"నీలం గీత ఏదిరా?"

"ఏం గీత?"

ఆవిడ లేచి, గూట్లోంచి పాత పర్మిట్ల కట్ట లాగి బల్ల మీద పరిచింది. ప్రతిదాని మీదా డైవర్లు రాసుకొచ్చిన టైము కొట్టేసి ఉంది. పక్కనే నీలం పెన్సిల్‌తో వేరే టైము. అన్నీ సరిగ్గా నలభై నిమిషాలు ఎక్కువ.

"డైవ్ ప్లాన్‌లో మొదట చూసేది స్లాక్. పోటు అయిపోయి ఆటు మొదలయ్యేలోపు నీళ్లు కదలకుండా నిలబడే సమయం. రేవు వాళ్లు అచ్చేసే ఆటుపోట్ల టేబుల్ సముద్రానిది. అక్కడ పోటు ఆగినా ఇక్కడ నీళ్లు ఇంకో నలభై నిమిషాలు ఏట్లోకి తోసుకుంటూనే ఉంటాయి. తర్వాత పద్దెనిమిది నిమిషాలు నిలబడతాయి. అంతే. కొత్తగా వచ్చిన ప్రతివాడూ టేబుల్ చూసి తప్పు రాసుకొస్తాడు. మీ బావ దిద్దుతాడు. ఇరవై ఏళ్లలో ఒక్కటి వదల్లేదు. మా పెళ్లి శుభలేఖల్లో అచ్చుతప్పు ఉందని, ఒక్కోటీ దిద్ది మరీ పంచిన మనిషి."

"మరి దీన్నెందుకు వదిలేశాడు?"

ఆవిడ కుర్చీలో కూలబడింది. 

"కావాలనే వదిలేశాడురా. ఏడో పాయింట్ అడిగినప్పుడే అనుమానం వచ్చుంటుంది. కాదంటే దొంగచాటుగా ఇంకో రోజు దిగుతారు. అందుకే సరేనని సంతకం పెట్టాడు. పోటు వాళ్లని పని చేయనివ్వదని టైము మాత్రం తప్పుగానే ఉంచాడు. ఆ మధ్యాహ్నమే, పోయే ముందురోజు, మీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. చీఫ్‌గారే మాట్లాడారట. అర్జెంటా అని అడిగారట. ఫోన్లో చెప్పేది కాదు, కలవాలి అంటే, వచ్చే వారం రమ్మన్నారట."

ఆవగింజ పిడికిలి బల్ల మీద పడింది. కట్టలోని పర్మిట్లు చెల్లాచెదురయ్యాయి. పొద్దున చీఫ్ తనతో అన్న మాటలు ఒక్కొక్కటీ చెవుల్లో గింగురుమన్నాయి. ఫోన్ వచ్చిన సంగతి మాత్రం ఆ మాటల్లో లేదు.

"పన్నెండూ పదికే దిగి ఆ ప్రొఫెసర్ గాడి పీక పిసికేస్తాను."

"దిగు. వాడితోపాటు నువ్వూ కొట్టుకుపో. ఒకే ఇంట్లో రెండు ఫోటోలకి దండలు వేలాడదీస్తాను." ఆవిడ డైవర్లు నీళ్లలోకి తీసుకెళ్లే చిన్న పలక మీద గబగబా రాయసాగింది. "కోపంగా దిగినవాడికి సిలిండర్ సగం సేపే వస్తుంది. ఇది నా ప్లాన్. లోతు పద్దెనిమిది మీటర్లు. పన్నెండూ నలభై ఎనిమిదికి దిగాలి. గాలి గేజ్ డెబ్బైకి వస్తే పైకి తిరగాలి. చేతులకి గ్లోవ్స్ వద్దు, దిబ్బను ముట్టుకోవద్దు."

"ఇప్పుడు కూడా రూల్సేనా?"

"మీ బావ రూల్స్. ఇంకోటి. వాడు బతికే పైకి రావాలి. చచ్చినవాడు సాక్ష్యం చెప్పడు. మీ బావ పేరు ఇప్పుడు వాడి నోట్లో ఉంది."

పదకొండున్నరకి జెట్టీ చివర తెల్ల టోపీ కనిపించింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, చూపు తిప్పుకోనివ్వని అందం. కోడ్ నేమ్ చిలక. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన డబుల్ ఏజెంట్.

"ఇక్కడ గొడుగులు బాగుచేస్తారా?" అంది.

"వాన పడితేనే."

"గుడ్." చిలక నవ్వింది. "పన్నెండూ పదికి దిగండి. నీళ్లు బొత్తిగా కదలవు. ప్రొఫెసర్, ఒక అసిస్టెంట్, అంతే. నేను బోటులో ఉంటాను. మీకోసం సిలిండర్ కూడా నింపించి తెచ్చాను. మీ అక్కగారి కంప్రెసర్‌ని ఇంకా ఎలా నమ్ముతారు?"

ఆవగింజ వంగి సిలిండర్ ఎత్తుతున్నట్టు నటించి, వాల్వ్ ఒక్క క్షణం తెరిచాడు. చేతి వాచీని దగ్గరగా పట్టాడు. టైము చెప్పడం దానికి రెండో ఉద్యోగం. మొదటి ఉద్యోగం విషవాయువులను పట్టడం. ముల్లు ఎరుపులోకి వెళ్లి నిలబడింది.

అయితే ఇదన్నమాట! బావ ఫోన్ చేశాడని చీఫ్ తన నమ్మకమైన చిలకకే చెప్పి ఉంటాడు. డిపార్ట్‌మెంట్ మనిషినని చెప్పి, ఈవిడ బావకి ఇలాగే నవ్వుతూ సిలిండర్ అందించి ఉంటుంది. ఆ టోపీతో సహా ఎత్తి నీళ్లలో పడేయాలనిపించింది అతనికి. చిలక కనబడకపోతే ప్రొఫెసర్ దిగడు. అందుకని పళ్లు బిగించి నవ్వాడు.

"మీ మేలు ఈ జన్మలో మర్చిపోను," అన్నాడు.

పన్నెండూ పదికి, జెట్టీ చివర కట్టేసిన బోటు మీంచి రెండు నల్ల సూట్లు నీళ్లలోకి దొర్లాయి. ఆవగింజ పడవ షెడ్డు నీడలో కూర్చుని, అక్క నింపిన సిలిండర్ తగిలించుకుని, బైనాక్యులర్స్‌లోంచి చూస్తున్నాడు. వాళ్ల బుడగలు ఒకచోట నిలవలేదు. ఏటివైపుకి జరిగాయి, మళ్లీ కష్టపడి వెనక్కి వచ్చాయి, మళ్లీ జరిగాయి. పావుగంటకి అసిస్టెంట్ పైకి తేలాడు. పోటు వాణ్ణి ఏట్లోకి ఈడ్చుకుపోయింది. మొదటి మలుపులో అక్క కాపలా పెట్టిన స్టేషన్ గార్డులు వాణ్ణి వలతో లాగి పడవలో వేశారు. ఆ మలుపు బోటులోంచి కనబడదు.

అంతసేపూ కూర్చోవడం ఆవగింజ జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది. అక్క రాసిచ్చిన పలకను పదిసార్లు చదివాడు.

పన్నెండూ నలభై ఎనిమిది. దిగాడు.

పద్దెనిమిది మీటర్ల అడుగున నీళ్లు అప్పుడే నిలబడుతున్నాయి. పగడాల మధ్య చిన్న చేపలు గూళ్లలోంచి బయటికి వస్తున్నాయి. ఏడో పాయింట్‌లో ప్రొఫెసర్ ఒక చేత్తో కేబుల్‌ని కావలించుకుని వేలాడుతున్నాడు. పోటుకి ఎదురీది, దిబ్బను పట్టుకుని పట్టుకుని అరచేతులు చీరుకుపోయాయి. రెండో చేతిలో జలగ ఉంది. నీళ్లు నిలవడంతో వాడికి ఊపొచ్చింది. జలగను కేబుల్ వైపు నెట్టాడు. బెత్తెడు దూరం. నాలుగు వేళ్లు. రెండు వేళ్లు.

అప్పుడే వాడి గాలి అయిపోయింది.

నలభై నిమిషాలు పోటుతో కుస్తీ పట్టినవాడి సిలిండర్‌లో ఇంకేం మిగులుతుంది? కళ్లు పెద్దవయ్యాయి. చేతిని గొంతుకి అడ్డంగా ఆడించాడు. గాలి లేదని డైవర్లు చేసే సైగ అది.

ఆవగింజ ముందుకొచ్చి గాలి పీల్చుకునే తన స్పేర్ రెగ్యులేటర్ చూపించాడు. రెండో చెయ్యి చాచాడు. ముందు అది ఇవ్వు అన్నట్టు.

ప్రొఫెసర్ జలగ వైపు చూశాడు. రెండు వేళ్ల దూరం. ఒక్క తోపు చాలు.

ఆవగింజ కదల్లేదు. లోపల కోపం మాత్రం సుడి తిరుగుతోంది. చావనీ! బావ కూడా ఇలాగే కదా కొట్టుకుని ఉంటాడు. రెగ్యులేటర్ వెనక్కి లాగేస్తే ఎవరు చూస్తారు? పలక మీద అక్క అక్షరాలు కళ్ల ముందు కనిపించాయి. వాడు బతికే పైకి రావాలి.

జలగ అతని అరచేతిలో పడింది. అతను ఒక్క ఊపిరి ఆలస్యం చేశాడు. ఒక్కటే. తర్వాత రెగ్యులేటర్ వాడి నోట్లో కుక్కాడు.

పైన చిలక ఎగిరిపోవాలని బోటు ఇంజిన్‌తో కుస్తీ పడుతోంది. ఆ ఇంజిన్ స్పార్క్ ప్లగ్ అప్పటికే అక్క జేబులో ఉంది.

నాలుగింటికి అదే కిటికీ లేని గది. చేతులకి కట్లతో ప్రొఫెసర్, లిప్‌స్టిక్ చెరిగిన చిలక. బల్ల మీద జలగ. తడిసిన జుట్టుతో ఆవగింజ, అతని పక్కన అక్క.

"వార్డెన్ మీ మనిషేనా?" చీఫ్ అడిగాడు. గొంతులో పొద్దుటి బిగువు లేదు.

"మా మనిషైతే చంపిస్తామా?" ప్రొఫెసర్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఆయన తప్పు ఉంటే దిద్దకుండా వదలడని ఊరంతా చెప్పారు. దిద్దలేదు కాబట్టి టైము కరెక్టే అనుకున్నాం. మీకు ఫోన్ చేశాడని చిలక చెప్పాకే ఆయన సంగతి చూశాం."

చీఫ్ చిలక వైపు చూశాడు. చిలక చీఫ్ వైపు చూసి నవ్వింది. కింద ఎవరో ఇంకా రేకు కొడుతూనే ఉన్నారు.

అక్క ఫైలు తెరిచింది. దేశద్రోహి అన్న మాట మీద వేలు పెట్టింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అరంగుళం మిగిలిన నీలం పెన్సిల్ తీసి చీఫ్ ముందు ఉంచింది.

"దిద్దండి," అంది. అప్పటికి ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆవిడ తుడుచుకోలేదు.

చీఫ్ ఆ మాట కొట్టేశాడు. పైన 'అమరుడు' అని రాశాడు. సంతకం పెట్టాడు. ఇత్తడి పలక రేపటికల్లా గోడ మీద ఉంటుందని గొణిగాడు. తర్వాత తలెత్తకుండా, "ఏదో కొంచెం ఆలస్యమైంది, ఏమనుకోకమ్మా," అన్నాడు.

ఆవగింజ పెన్సిల్ తీసి అక్క చేతిలో పెట్టాడు.

"ఏరు నలభై నిమిషాలే ఆలస్యం చేస్తుంది సార్. మీకు తొమ్మిది రోజులు పట్టింది."