ఎగరని బెలూన్

"ఈ పూట నుంచి నువ్వు దేవిదాస్‌వి," అన్నారు ఇంటెలిజెన్స్ చీఫ్.

రాజేశ్వర్ గుండె జారిపోయింది. దేవిదాస్ ఉత్తర ధ్రువం దగ్గరి రీసెర్చ్ స్టేషన్‌లో పై వాతావరణాన్ని కొలిచే సైంటిస్టు. సెలవు మీద బోధన్ వచ్చాడు. డబ్బాశ చూపి అతన్ని దేశం దాటించాలని విదేశీయుల కోసం పనిచేసే ఒక ముఠా కాచుకుని ఉంది. ముఠాలో ఎవరూ అతని మొహం చూడలేదు. అసలు మనిషిని దాచేసి, అతని పేరుతో రాజేశ్వర్ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ముఠా బాస్ కనబడగానే పెన్నులోని ట్రాన్స్‌మిటర్ నొక్కితే పోలీసుల జీపు వస్తుంది.

"అక్కడ రాధాబాయి ఉంటుంది. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. ఈసారి ఎటువైపో నాకూ తెలీదు. నీ సంగతి ఆమెకు చెప్పలేదు."

రాజేశ్వర్ ఎరిగిన పెద్ద చలి నిజాంసాగర్ కాలువలో పుష్యమాసపు స్నానం. స్టేషన్ దినచర్య అంతా బట్టీ పట్టాడు.

మధ్యాహ్నం. బోధన్ అవతల, చెరకు తోటల మధ్య బెల్లం షెడ్డు. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, గుప్పుమనే సెంటు. రాధాబాయి కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"దినమంతా ఏం జేస్తరు సాబ్ గాడ?"

"లేవంగనే తలుపు కాడ మంచు తోడుతం. తాడు పట్టుకొని నడుస్తం, ఇడిస్తే తుఫాన్ల మనిషి దొరకడు. హైడ్రోజన్ బెలూన్‌కు రేడియో డబ్బా కట్టి ఇడుస్తం. పైకెంచి అది బీప్ బీప్ అంటుంటే హెడ్‌ఫోన్ పెట్టుకొని ఇంటం."

"జనవరిల పొద్దెప్పుడు పొడుస్తది?"

"పొడవదు మేడం. పగటి బువ్వ గూడ చీకట్లనే."

ఆమె తలూపింది. అప్పుడు వచ్చాడు ముఠా బాస్ తుకారాం. రాజేశ్వర్ పెన్ను నొక్కాడు. ఇక జీపు వచ్చేదాకా ప్రాణంతో ఉంటే చాలు.

తుకారాం మూలనున్న గ్యాస్ సిలిండర్, ఖాళీ బెలూన్ చూపించాడు. "బెలూన్ నింపు సాబ్, సూద్దాం."

రాజేశ్వర్ వాల్వ్ తిప్పాడు. బుస్సుమంటూ బెలూన్ ఉబ్బింది. తుకారాం బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు.

షెడ్డు పేలిపోతుందని పరుగెత్తాలనుకున్నాడు రాజేశ్వర్. కాళ్లు కదల్లేదు.

"దినాం హైడ్రోజన్‌తోటి బతికెటోడు అగ్గి సూస్తే ఉరుకుతడు," అన్నాడు తుకారాం. "నువ్వు దేవిదాస్‌వి కాదు."

రాధాబాయి చేతిలోకి పిస్టల్ వచ్చింది. తను పోతే రేపటికల్లా దేవిదాస్‌నూ పట్టేస్తారు. దిక్కుతోచని రాజేశ్వర్ చూపు బెలూన్ మీద పడింది. నీళ్ల గాబంత ఉబ్బినా అది నేలమీదే పొర్లుతోంది.

"హైడ్రోజన్ అయితే గద ఉరికేది," అన్నాడు రాజేశ్వర్. "గింత బెలూన్ నేల ఇడుస్తలేదు. ఉత్త గాలి నింపి నాకు పరీక్ష పెడ్తున్నవా?"

తుకారాం పకపకా నవ్వి అతని భుజం చరిచాడు. "అసలోడే."

అంతలో చెరకు బాటలో జీపు చప్పుడు. నవ్వు ఆగిపోయింది. తుకారాం రివాల్వర్ రాజేశ్వర్ నుదుటికి ఆనింది. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది. రాజేశ్వర్ కళ్లు మూసుకున్నాడు.

"ఇడువు తుకారాం," రాధాబాయి పిస్టల్ తుకారాం మెడకు తగిలింది. "ఇయ్యాల నేను గీ దిక్కు."

సాయంత్రం చీఫ్ మురిసిపోయారు. "అగ్గిపుల్ల గీసినా కదల్లేదట. ఏం గుండె ధైర్యమయ్యా నీది."

"ఉరుకుదామనే అనుకున్న సార్," అన్నాడు రాజేశ్వర్. "కాళ్లే ఒప్పుకోలే."