వాలు నేల మీద ఇల్లు

"మట్టిలోకి దిగి తొక్కమన్నాను గానీ, ఫోజు పెట్టమనలేదు వదినా!" అంది రేడియో.

ఆమెను అందరూ రేడియో అనే పిలుస్తారు. పట్నంలో ఉన్నప్పుడు పొద్దుటి వార్తలు చదివేది. ఈ కొండవాలు పొలానికి వచ్చాక కోళ్ళకు తప్ప ఎవరికీ వార్తలు చెప్పడం లేదు. కోళ్ళైనా తల తిప్పి వింటాయి. ఇక్కడున్న మనుషులకు ఆ పాటి మర్యాద కూడా లేదని ఆమె అభిప్రాయం.

మనుషులంటే ముగ్గురే. ఒకడు ఆమె మొగుడు, కళ్ళజోళ్ళ షాపాయన. రెండోవాడు ఆయన చిన్ననాటి స్నేహితుడు. నాలుగు వీడియోలు చూసి ఐదో విషయం మీద ఉపన్యాసం ఇవ్వగలడు కాబట్టి వాడికి సైంటిస్టు అని పేరు. మూడో మనిషి సైంటిస్టు భార్య, కెమెరా వదిన. పార ఎత్తేది ఒక్కసారే. ఎత్తిన పారకు మాత్రం అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయించుకుంటుంది.

నలుగురూ కలిసి ఈ నేల కొన్నారు. మట్టితో రెండు గదులు, జంటకొకటి, మధ్యలో ఉమ్మడి వంటిల్లు. మేకలకు మాత్రం పాక అప్పుడే తయారైంది. అందులోనే ఒక మూల మేకలు, ఒక మూల మనుషులు.

"అన్నయ్యగారూ, గోడలకంటే ముందు పైన కాలువ తవ్వాలి. వాన పడితే కొండ మీది నీళ్ళన్నీ మన గోడల మీదికే వస్తాయి," అంది రేడియో.

సైంటిస్టు జాలిగా నవ్వాడు. "చెల్లెమ్మా, ఈ మట్టికి గ్రిప్ ఎక్కువ. నీళ్ళు తగిలితే ఇంకా బిగుస్తుంది."

"అవునా! మరి మీరు కూడా కాసేపు వానలో నిలబడండి. ఎక్కడైనా బిగుస్తుందేమో చూద్దాం."

కెమెరా వదిన నవ్వింది. సైంటిస్టు ఉడుక్కుని, "బావా, మీ రేడియోకి వాతావరణ విశేషాలు చదివిన అలవాటు పోలేదురా!" అన్నాడు. దానికి ముగ్గురూ కలిసి నవ్వారు. మొగుడు కూడా.

ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. తాను ఏరికోరి చేసుకున్న మనిషి! విరిగిన కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి షాపుకెళితే, కొత్త అద్దాలు పెట్టి, "ఇప్పుడు కనిపిస్తున్నానా?" అని అడిగాడు. "కనిపిస్తున్నారు. అదే బాధ," అంది తను. ఆ మాటకు నెలల తరబడి మురిసిపోయాడు. అప్పుడే అనుమానం రావాల్సింది, తిడితే మురిసిపోయేవాడు ఎవరు నవ్వినా నవ్వుతాడని.

గోడలు భుజాలెత్తుకు వచ్చాయి. పైకప్పు ఇంకా పడలేదు. సైంటిస్టు దంపతులు, "మన ఇంటి కథ అందరికీ చూపించాలి," అంటూ ఒకరోజు పొద్దున్నే వీడియో సామాను కొనడానికి పట్నం వెళ్ళారు. వాళ్ళటు వెళ్ళగానే రేడియోకి స్టేషన్ డైరెక్టర్ నుంచి ఫోన్ వచ్చింది. పొద్దుటి వార్తలకు మళ్ళీ ఆమే కావాలట.

మేకల పాక వెనకాల నిలబడి మాట్లాడింది. "సాయంత్రానికి చెప్తాను సార్. వచ్చేసినట్టే అనుకోండి. ఇక్కడ నా మాట మేకలకు తప్ప పనికిరావడం లేదు."

ఫోన్ పెట్టేసి మేకలకు మేత వేసింది.

మధ్యాహ్నం దాటగానే మబ్బు కమ్మింది. గాలి లేచి, గడ్డి మోపును గాలిపటంలా ఎగరేసుకుపోయింది. ఆమె చెదిరిన మేకల్ని తోలుకొచ్చేసరికి వాన ఒకటే ధారగా కురుస్తోంది. ఉన్నది ఒక్కటే పెద్ద టార్పాలిన్. మొగుడు దాన్ని లాక్కుంటూ పరిగెత్తడం చూసి, పోనీలే, ఈ మనిషికి కాస్త బుర్ర ఉంది అనుకుంది.

అతను నేరుగా సైంటిస్టు గది గోడల మీద కప్పాడు. అడుగుదాకా దించి, తాళ్ళు లాగి రాళ్ళకు కట్టాడు.

"ఏయ్! అది వాళ్ళది! మనది ఇటు!" అని అరిచింది.

అతను విన్నాడు. తల తిప్పలేదు.

కొండ మీది నీళ్ళు ఎర్రగా వచ్చి తమ గోడను ఒరుసుకున్నాయి. మొదట అడుగుభాగం మెత్తబడింది. తర్వాత కిటికీ కోసం వదిలిన ఖాళీ పక్కకి వాలింది. ఆ తర్వాత గోడ మొత్తం, అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు, నెమ్మదిగా కూర్చుండిపోయింది. ఆమె తన కాళ్ళతో తొక్కిన మట్టి ఆమె కాళ్ళ మీది నుంచే పారిపోయింది.

"శభాష్!" అంది వణుకుతూ. "నీ మంచితనానికి ఒక గది బలి. ఇంకేమైనా మిగిలితే అదీ ఇచ్చేసెయ్. నన్ను కూడా ఇచ్చేస్తావా?"

అతను చొక్కా కొసతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తడి చొక్కా కావడంతో అద్దాలు ఇంకా మసకబారాయి.

వాన సన్నబడ్డాక సైంటిస్టు దంపతులు వచ్చారు. తమ గోడలు నిలబడి ఉండడం చూసి సైంటిస్టు ఛాతీ పొంగింది.

"చూశావా! నేను చెప్పిన పాళ్ళలో కలిపితే నిలబడింది. బావా, మీది సరిగ్గా తొక్కలేదురా. కళ్ళజోళ్ళు తుడిచే చేతులు కదా, మట్టిపని ఎలా వస్తుంది? పోనీ మీరిద్దరూ మేకల పాకలోనే ఉండండి. ముందు మాది పూర్తిచేసేద్దాం."

కెమెరా వదిన కూలిన గోడ వైపు ఫోన్ ఎత్తింది. "అన్నయ్యగారూ, కాస్త దిగులుగా అక్కడ కూర్చోండి. 'మొదటి ఓటమి' అని పెడదాం."

రేడియోకి ఒళ్ళు మండిపోయింది. మొగుణ్ణి ఎన్ని మాటలనాలో అన్నీ అనేసింది కాబట్టి, మిగిలినవన్నీ ఇటు తిరిగాయి.

"అన్నయ్యగారూ, మీ గోడ నిలబడింది మీ పాళ్ళ వల్ల కాదు. ఈ పిచ్చిమారాజు వానలో తడుస్తూ కప్పిన టార్పాలిన్ వల్ల. ఆ తాళ్ళు ఎవరు కట్టారో అడగడానికి మీకు నోరు రాలేదు. ఆ చేతుల్ని వెక్కిరించడానికి మాత్రం వచ్చింది! ఈయన్ని అనడానికి నేనున్నాను. పూర్తికాలం ఉద్యోగం. సహాయకులు అక్కర్లేదు!"

సైంటిస్టు నోరు తెరిచాడు. ఈసారి మొగుడు అడ్డుపడ్డాడు. "గోడ కూలింది కాలువ లేక. అది తను ముందే చెప్పింది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకోసారి తన మాటకు నువ్వు నవ్వితే ఈ నేల మీద మన ఉమ్మడి అక్కడితో ఆఖరు."

అంత గట్టిగా అతను మాట్లాడటం రేడియో ఎప్పుడూ వినలేదు. సైంటిస్టు చెప్పుల వైపు చూసుకున్నాడు. కెమెరా వదిన ఫోన్ నెమ్మదిగా సంచిలో పడేసి, "ఆ తాళ్ళ సంగతి నాకు తెలీదు వదినా," అంది చిన్నగా. సైంటిస్టును చెయ్యి పట్టి అవతలికి లాక్కెళ్ళింది.

ఇద్దరే మిగిలారు.

"అయినా నాకు అర్థం కానిది ఒకటే," అంది రేడియో. "మన గది ఎందుకు వదిలేశావు?"

"పొద్దున నువ్వు ఫోన్లో మాట్లాడింది విన్నాను."

ఆమె గతుక్కుమంది.

"నువ్వు వెళ్ళిపోతున్నావుగా. నువ్వు లేకపోతే నాకు గది ఎందుకు? వాళ్ళిద్దరూ కలిసి ఉంటారు కాబట్టి, వాళ్ళదైనా నిలబడనీ అనుకున్నాను."

లోకంలో ఇంతకంటే తెలివితక్కువ లెక్క ఎవరైనా వేసి ఉంటారా! కోపం రావాలి. వచ్చింది కూడా. వస్తూ వస్తూ కళ్ళల్లో నీళ్ళు వెంటబెట్టుకొచ్చింది.

"వెళ్ళొద్దు అని నోటితో అంటే సరిపోయేది కదరా మొద్దూ! అంత పెద్ద గోడ కూల్చాలా?"

"నీ గొంతు అందరూ వినాల్సింది. ఉండమనడానికి నాకేం హక్కుంది?"

"నా గొంతు నువ్వు విన్నావా ఎప్పుడైనా?"

"వింటున్నాను. ఇకనుంచి నవ్వకుండా వింటాను. ఉండిపో. నువ్వు తిట్టకపోతే నాకు పొద్దు పోదు."

ఆమె ఫోన్ తీసి డైరెక్టర్‌కి కలిపింది. "సార్, రాలేను. ఇక్కడ ఒక శ్రోత దొరికాడు. బొత్తిగా మట్టిబుర్ర. రోజూ చదివి వినిపిస్తే తప్ప ఎక్కదు." అవతల ఏమన్నారో గానీ, ఆమె నవ్వి పెట్టేసింది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడతను, ముఖమంతా వెలుగుతో.

"ఏం చేస్తావు? పార తెచ్చి కాలువ తవ్వు. నేను గట్టు మీద కూర్చుని తప్పులు చెప్తాను."

అతను పార తెచ్చాడు. మొదటి వేటే వంకరగా పడింది. ఆమె అబ్బా అని నెత్తి కొట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, బురదలోకి దిగింది.